జానెడు మట్టి కింద నాలుగు వరుసలు

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టారు. అందులో మూడు ప్రశ్నలున్నాయి. తక్కువ సమయంలో ఎక్కువ పని చేయడం ఎలా? సెలవుల్లో ఏ మ్యూజియం చూడాలి? మొదటి ఉద్యోగం ఎలా ఎంచుకోవాలి? వాళ్ళ కాలేజీ పత్రికలో వేస్తారట. ఒక్కోదానికి నాలుగు ముక్కలు చాలు తాతా అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు రాళ్ళ మీది రాతలకు నకళ్ళు తీసిన మనిషిని నాలుగు ముక్కల దగ్గర ఆపగలమనుకున్న వాళ్ళ ధైర్యం నాకు నచ్చింది.

ముందు నా ప్రతాపం చెప్పుకుంటాను. నేను ఒక్క రోజులో పదమూడు శాసనాలకు నకలు తీసినవాణ్ణి. మా శాఖలో ఆ లెక్కను ఇంకెవరూ దాటలేదు. నా పదవీ విరమణ సభలో పెద్ద అధికారి ఈ మాట చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. చదివిన కాగితం రాసిచ్చింది నేనే. పదమూడు కాదు, నాలుగు. ఆ నాలుగులో మూడు ఒకే రాయికి మూడు పక్కలు.

ఇక మొదటి ఉద్యోగం. అది నిజాం రాజ్యానికి చివరి ఎండాకాలమని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది ఎప్పటికీ గడవదనిపించింది. నాకు పందొమ్మిదేళ్ళు. మా నాన్న సూర్యాపేటలో బడిపంతులు. నా ముందు రెండు దారులున్నాయి. మిర్యాలగూడలో నాన్నకు తెలిసిన సేటు బియ్యం మిల్లులో గుమాస్తా పని ఒకటి, శాసనాలకు నకళ్ళు తీసే సర్కారు శాఖలో సహాయకుడి పని ఇంకొకటి. రెండో దానికి నలభై మంది పోటీ పడితే నన్నొక్కణ్ణే తీసుకున్నారని మా పిల్లలకు, వాళ్ళ పిల్లలకు చెప్పాను. వచ్చింది ఎనిమిది మంది. ఊళ్ళు తిరగాలని చెప్పగానే ఏడుగురు చెప్పులేసుకున్నారు. నేను వెనక కుండ దగ్గర నీళ్ళు తాగుతూ ఆ మాట వినలేదు.

ఆ ఏడుగురూ ఎందుకు లేచారో మీ వయసు వాళ్ళకు చెప్పాలి. పగలు లారీల్లో తుపాకుల మనుషులు దిగేవారు, దొరల తరఫున. పొద్దు గూకితే వేరే మనుషులు వచ్చి, పగలు ఎవరికి నీళ్ళిచ్చారో అడిగేవారు. ఊరికి కొత్త మనిషి వస్తే రెండు పక్షాలకూ అనుమానమే. దూరాన లారీ శబ్దం వినబడితే ఆడవాళ్ళు పొయ్యి మీది కుండను అలాగే వదిలి జొన్నచేలల్లోకి పరుగెత్తేవారు. ఆ ఊళ్ళలో నేను ఎక్కువగా చూసింది మనుషులను కాదు, ఎవరూ లేని ఇళ్ళలో మాడిపోతున్న అన్నాన్ని.

దానికి తోడు మా పనిలో మసి ఉంటుంది. తడిపిన దళసరి కాగితాన్ని రాతి మీద పరిచి గట్టి బ్రష్షుతో కొడితే అది అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. సగం ఆరాక పైన మసి సిరా అద్దితే కాగితమంతా నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. పని ఇంతే. కానీ ఆ సిరా గోళ్ళలోకి పోతే వారం దాకా వదలదు. రాత్రిళ్ళు గోడల మీద సర్కారుకు ఎదురు రాతలు రాసేవాళ్ళ గోళ్ళూ అలాగే ఉంటాయి. మొదటి ప్రయాణంలోనే సూర్యాపేట దాటే చోట ఒకడు నా చేయి పట్టుకుని, ఎండలోకి తిప్పి, ఒక్కొక్క గోరూ చూశాడు. మా ఉస్తాదు సర్కారు ఉత్తర్వు విప్పి చూపించేదాకా నా చేయి వాడి చేతిలోనే ఉంది. ఆ రోజు నుంచి గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మానలేదు.

ఉస్తాదు అంటే నాకు పని నేర్పిన పెద్దమనిషి. పట్నం ఆయనది, అప్పటికే యాభై అయిదు దాటాయి. తెలుగు మాట్లాడతాడు కానీ అక్షరం రాదు. ఉర్దూలో సంతకం వరకే. అయినా రాతి మీద వేళ్ళు పెట్టి ఏ అక్షరం కొమ్ము విరిగిందో, ఏది బాగుందో చెప్పేవాడు. చదువు రాదు కాబట్టే ఆయన నకలులో ఒక్క గీత ఎక్కువ ఉండదు, ఒక్క గీత తక్కువ ఉండదు. నాకు చదువు వచ్చు. పాత లిపి కూడా సగం వచ్చు. కొంప ముంచింది ఆ సగమే.

పనిలో చేరిన కొత్తలో ఆయన నన్ను పట్నంలోని మ్యూజియానికి పంపాడు. మూడు రోజులు రాళ్ళు చూసి రమ్మన్నాడు. నేను గంటలో అన్నీ చూసేసి, మిగిలిన కాలమంతా బజార్లో మోటారు బస్సులు చూశాను. తిరిగొచ్చాక ఎన్ని చూశావని అడిగితే అన్నీ అన్నాను.

"అన్నీ సూసినోడు ఏం సూడలేదు బేటా," అన్నాడు. "పో, ఒక్కటి సూసి రా."

మళ్ళీ పోయి ఒక్క రాయి ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాను, కోపంతోనే. అప్పుడు కనబడింది. పైన రాజుగారు బిరుదులతో సహా పెద్ద అక్షరాల్లో కాళ్ళు చాపుకుని ఉంటాడు. కిందికొచ్చేకొద్దీ చెక్కేవాడికి చోటు చాలదు. అక్షరాలు చిన్నవై, నలిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. డప్పు కొట్టేవాడి వాటా, బట్టలుతికేవాడి వాటా, చెరువు నీళ్ళు పారించేవాడి వాటా, అన్నీ అక్కడే ఉంటాయి, అడుగున. మ్యూజియం గురించి నాకు తెలిసింది ఇంతే పిల్లలూ. ఒక్కటే చూడండి, చూసేటప్పుడు వంగి అడుగున చూడండి. ఇంత తెలిసీ నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

మోతె దాటాక లోపలికి బండి బాటలో పోతే ఒక ఊరు. పేరు చెప్పను. చెరువు కట్ట మీద, తూము పక్కన, నిలువెత్తు శాసనపు రాయి నిలబడి ఉంది. అడుగు భాగం మట్టిలో కూరుకుపోయింది. మేము చావడిలో సామాను దించుకుని కట్ట మీదికి పోయేసరికి ఆ ఊరి నీరటి ఎదురొచ్చాడు. నీరటి అంటే చెరువు తూము తెరిచి మూసి, ఎవరి మడికి ఎంత నీళ్ళో పంచేవాడు. అరవై ఏళ్ళుంటాయి, వెదురు కర్రలా ఉన్నాడు. మేము అడగకుండానే కాగితం తడపడానికి రెండు కుండల నీళ్ళు తెచ్చాడు. మర్నాడు నకలు తీస్తున్నప్పుడు గాలికి కాగితం లేస్తుంటే రెండు అరచేతులతో మూలలు అదిమి పట్టుకుని, పూర్తయ్యేదాకా బీడీ కూడా వెలిగించలేదు. నేనాయనను "ఓ నీరటీ" అని పిలిచాను. సర్కారు నౌకరీ దొరికి నెలన్నర అయింది, మీసం ఇంకా సరిగా రాలేదు, పిలుపు మాత్రం అలా ఉండేది.

మొదటి రోజు ఉస్తాదు నాకొక పని అప్పగించి చావడికి పోయాడు. రాయి అడుగున జానెడు లోతు తవ్వి, కింద అక్షరాలున్నాయో లేవో చూసి, రిజిస్టరులో రాయాలి. మట్టి ఎండి ఇనుములా ఉంది. ఎండ మాడుస్తోంది. ఆకలి. దూరాన ఏదో మోత వినబడితే లారీ అనుకుని రాయి వెనక్కి నక్కాను. కట్ట మీద నిలబడ్డ మనిషి అర కోసు దూరం కనబడతాడు. అక్కడ ఇంకో గంట ఉండే ధైర్యం నాకు లేదు. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచి, మట్టిని పైపైన కెలికి, మళ్ళీ కప్పి, కాలితో తొక్కి, తవ్వినట్టు కనబడేలా నీళ్ళు చల్లాను. రిజిస్టరు ఉర్దూలో రాయాలి. మూడు మాటలు రాశాను. నీచే కుచ్ నహీఁ. కింద ఏమీ లేదు. తక్కువ సమయంలో ఎక్కువ పని అంటే ఏమిటో తెలిసిందా?

అప్పుడే తూము చూసుకుని వచ్చిన నీరటి అడిగాడు.

"అయ్యా, గీ రాయి ఏమంటది?"

ఆ మాట అంతవరకు ఎవరూ నన్ను అడగలేదు. రాతికి నోరుంటే దానికి నేను దుబాసీనైనట్టు అనిపించింది. పై వరుసలు తడుముకుంటూ చదివాను. ఎవరో రాజు, ఎవరో రాణి, చెరువు తవ్వించారు, తూము కట్టించారు. అంతవరకు నిజం. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. మంచి శ్రోత దొరికితే నేను ఆగలేను, మీరిప్పుడు చూస్తూనే ఉన్నారు కదా.

"మరి తూము తీసెటోనికి ఏమన్న రాసిన్రా అయ్యా?"

"రాశారు," అన్నాను. "నీరటికి తూము కింది మడి. సూర్యచంద్రులున్నంత కాలం."

"గది యాడున్నది?"

నేను తొక్కిన మట్టి వైపు చేయి చూపించాను. అడుగున ఉంది, ఇప్పుడే తవ్వి చూశాను అన్నాను.

ఒకే జానెడు మట్టి గురించి గంటలోపల రెండు అబద్ధాలు. ఉస్తాదుకు ఏమీ లేదని. నీరటికి అంతా ఉందని.

నాకు తెలియనిదేమిటంటే తూము కింద నిజంగానే ఒక మడి ఉంది. ఇరవై గుంటలు. వాళ్ళ తాత ముత్తాతల నుంచి నీరటి మాన్యంగా సాగిన నేల. ఆయన తండ్రి కాలంలో దొర కలుపుకున్నాడు. అడగడానికి ఆయన దగ్గర కాగితం ముక్క లేదు. ఇప్పుడు రాయి దొరికింది.

రెండో రోజు మొదటి నకలు తీశాం. ఆ సాయంత్రం మిరుగం కార్తె తొలి వాన ఒక జల్లు పడింది. మూడో రోజు పొద్దున ఉస్తాదు రెండో నకలు కోసం రాతి మీద కాగితం పరిచి కొట్టి, ఆరడానికి వదిలాడు. ఇంకా సిరా అద్దలేదు. అప్పుడు తూము కిందికి చూస్తే నీరటి అరక కట్టి దున్నుతున్నాడు. ఎవరి ఎడ్లో అడిగి తెచ్చుకున్నట్టున్నాడు. నాగలి తిప్పిన ప్రతిసారీ కట్ట మీదికి చూసి నాకు చేయి ఊపుతున్నాడు. నేనూ ఊపాను. ఆయన ఎందుకు దున్నుతున్నాడో రెండోసారి ఊపాక అర్థమైంది. నా చేయి గాల్లోనే ఆగిపోయింది.

దిగి పోయి చెప్పవచ్చు. కట్ట దిగడానికి ఇరవై అడుగులు కూడా లేవు. ఆపు, నేను చదవలేదు అనవచ్చు. అనలేదు. ఉస్తాదుకు తెలిసిపోతుందని భయం. మట్టి తవ్వలేదని బయటపడితే నౌకరీ పోతుందని భయం. ఇంకాస్త ఆగి చెబుదాం, అరక విప్పాక చెబుదాం అనుకుంటూ బ్రష్షు కడుగుతూ కూర్చున్నాను. కడిగిన బ్రష్షునే మళ్ళీ మళ్ళీ కడిగాను.

ఎండ నడినెత్తికి రాకముందే లారీ వచ్చింది.

శబ్దం కంటే ముందు ఊరికి తెలిసింది. కల్లాల దగ్గరి పిల్లలు మాయమయ్యారు. కుక్కలు మొరగడం మానేశాయి. కుక్కలు మొరగడం మానేస్తే అదీ వినబడుతుందని అంతకుముందు నాకు తెలియదు. లారీ కట్ట మొదట్లో ఆగింది. ఆరుగురు దిగారు. వాళ్ళతో దొర తరఫు గుమాస్తా ఒకడు, తెల్లచొక్కా, చేతిలో గొడుగు. వాళ్ళు నేరుగా మడిలోకి పోయి, ఎడ్లు విప్పి, ఆ పలుపుతోనే నీరటి చేతులు కట్టి కట్ట మీదికి తెచ్చారు. రాయి దగ్గరికి, మా దగ్గరికి.

అప్పుడు నా ఖాకీ నిక్కరు తడిసింది. దాన్ని ఎవరూ చూడకుండా పక్కనున్న నీళ్ళ కుండను ఎత్తి, చేయి జారినట్టు ఒళ్ళంతా ఒలకబోసుకున్నాను. చాలా ఏళ్ళపాటు ఆ కుండ కథను వేరేగా చెప్పాను. తుపాకీ వాణ్ణి కుండెత్తి కొట్టబోయానని. కుండ నిజం. నీళ్ళు నిజం. మిగతాది మీకు చెప్పాను.

వాళ్ళ నాయకుడు నడివయసు మనిషి, గొంతు పెంచడు. అదే ఎక్కువ భయం. నీరటిని అడిగాడు.

"మడి నీదని ఎవడు చెప్పిండు?"

నీరటి నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నా ఒంటి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా ముఖంలో ఏం కనబడిందో గాని ఆయన కళ్ళు దించుకున్నాడు.

"ఎవరు చెప్పలే దొరా. మా అయ్య చెప్పిండు. సచ్చే ముంగట చెప్పిండు."

"రాయి మీద రాసి ఉన్నదని ఊరంత చెప్పినవట?"

"గది గూడ మా అయ్యనే చెప్పిండు."

నాయకుడు ఉస్తాదు వైపు తిరిగాడు. ఉస్తాదు చేతులు కట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తనకు చదువు రాదని, తన పని నకలు తీయడమేనని, పట్నంలో పండితులు చదివేదాకా ఇందులో ఏముందో ఎవరికీ తెలియదని. ఆ మాట మీద అంతా ఆగి ఉండేది. ఎవరికీ తెలియదు అన్నది ఆ రోజు ఆ కట్ట మీద అందరినీ కాపాడగలిగిన ఒకే ఒక్క నిజం. కానీ నాయకుడు నన్ను చూశాడు.

"నీకొస్తదా సదువుడు?"

"రాదు," అన్నాను. ఆరేళ్ళప్పటి నుంచి చదువుతున్నవాణ్ణి.

"కింద మట్టిల ఏమన్న ఉన్నదా?"

నా చూపు మా సామాను మీదికి పోయింది. దొర గుమాస్తా మా సామానులోంచి రిజిస్టరు తీసి నాయకుడికిచ్చాడు. ఆయన పేజీ తిప్పి, నా ముత్యాల్లాంటి దస్తూరిని వేలితో చూపిస్తూ పైకి చదివాడు. నీచే కుచ్ నహీఁ.

"సర్కారు రిజిస్టర్లనే లేదని ఉన్నది," అన్నాడు నీరటితో. "మీ అయ్య అబద్ధం చెప్పిండు."

అన్నం వేళయిందని తొందరపడి నేను రాసిన మూడు మాటలు ఆ ముసలాయన మీద సాక్ష్యమయ్యాయి. నీరటి మళ్ళీ నా వైపు చూశాడు. ఈసారి కోపం కూడా లేదు. రెండు రోజుల కింద నేను చేయి చూపించిన మట్టి వైపు చూసి, మళ్ళీ నన్ను చూశాడు, లెక్క కుదరని మనిషిలాగా. నేను నా గోళ్ళు చూసుకున్నాను.

పోతూ పోతూ దొర గుమాస్తా రాయిని పగలగొట్టించమన్నాడు. ఏమీ లేకపోతే పోనీ, ఉంటే ఊరికి మళ్ళీ ఆశ పుడుతుందట. మొదటి నకలును నాయకుడు చింపి చెరువులో వేశాడు. అప్పుడు ఉస్తాదు ఒక్కటే అడిగాడు. రాతి మీద తడి కాగితం ఉంది, సర్కారుది, తెల్లదే, తీసుకోవచ్చా అని. సిరా అద్దని కాగితం మీద దూరం నుంచి ఏమీ కనబడదు. తీసుకో అన్నాడు నాయకుడు.

ఆ కాగితాన్ని తొందరపడి లాగితే చినుగుతుంది. గుంటల్లోకి దిగిన అచ్చు చెడిపోతుంది. ఉస్తాదు పైమూల గోటితో లేపి, ఊపిరి ఊదుతూ, వేలెడు వేలెడుగా తీయడం మొదలుపెట్టాడు. తుపాకులు పట్టుకున్న ఆరుగురు ఎండలో నిలబడి చూస్తున్నారు. ఒకడు జల్దీ అని గద్దించాడు.

"రాయికి జల్దీ లేదు సాబ్," అన్నాడు ఉస్తాదు, తలెత్తకుండా.

నా జీవితంలో అంత పొడుగు సమయం ఇంకోటి లేదు. ఎంత సేపో చెప్పలేను. నా నిక్కరు ఆరిపోయింది. శాసనం నకలును చొక్కా లోపల దాచి తుపాకుల మధ్య నుంచి తెచ్చిన వీరుడి కథ మా బంధువర్గంలో ప్రసిద్ధం. ఆ వీరుడు నేను కాదు, ఉస్తాదు. చొక్కాలో దాచలేదు, అందరి కళ్ళ ముందే చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

తర్వాత గడ్డపారలు వేశారు. రాయి ఒకసారి ఊగి, మట్టిని పెళ్ళగించుకుంటూ పడిపోయింది. అడుగు భాగం వెలుతురులోకి వచ్చింది. తడిమట్టి మెత్తుకుని ఉంది. ఆ మట్టి కింద అక్షరాలు. నాలుగు వరుసలు. చిన్నవి, నలిగినవి, ఒకదాని మీద ఒకటి ఎక్కినవి. నేను చూశాను. ఉస్తాదూ చూశాడు. మట్టి తుడిస్తే చదవగలిగేవాణ్ణి. రెండడుగుల దూరం. సమ్మెట దిగేదాకా నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. ముక్కలను కట్ట కిందికి దొర్లించారు. నీరటిని లారీ ఎక్కించారు. చేతులు కట్టి ఉన్నాయి కాబట్టి ఎక్కలేకపోయాడు, బస్తాను విసిరినట్టు విసిరారు.

బండిలో ఉస్తాదు కాగితపు చుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మోతె దాటాక అడిగాడు.

"ఎంత లోతు తవ్వినవ్ బేటా?"

"తవ్వలేదు ఉస్తాద్."

ఆయన తిట్టలేదు. రిజిస్టరు నా ఒళ్ళో పెట్టి, ఆ మూడు మాటలు కొట్టేసి నిజం రాయమన్నాడు. కొట్టివేత ఉంటే మళ్ళీ ఎవరైనా అడుగుతారని నాకు భయం. రేపు రాస్తానన్నాను. ఆ రేపు రాలేదు. రిజిస్టరు పట్నం పోయింది. నేను జ్వరమని చెప్పి ఇంట్లో పడుకుని, అటు నుంచి అటే మిర్యాలగూడ పోయి సేటు మిల్లులో గుమాస్తాగా చేరాను. రాళ్ళకంటే ధాన్యం మంచిదని అందరికీ చెప్పాను. మిల్లు చప్పుడులో లారీ శబ్దం వినబడదు. నేనక్కడ చేరింది అందుకే.

ఆ వానాకాలం పోయేలోగా రాజ్యం మారింది. లారీలు పోయాయి. భయం మాత్రం ఇల్లు మారింది. ఈసారి అది ముసల్మానుల ఇళ్ళకు, ఉస్తాదు ఉండే వీధికి పోయిందని విన్నాను. ఆయన క్షేమం అడగడానికి పోలేదు. అదీ భయమే.

మరుసటి ఏడు కోతలయ్యాక వేములపల్లి నుంచి ధాన్యం బండ్లు మిల్లుకొచ్చాయి. ఒక బండి వెనక నడుస్తూ నీరటి వచ్చాడు. కూతురిని ఆ ఊరికిచ్చారట, విడిచిపెట్టాక ఆమె ఇంట్లో ఉంటున్నాడు. కుడిచేతి వేళ్ళు మూడు వంగడం లేదు. తూము కర్ర లేపే చేయి అది. నేను బస్తాల వెనక్కి తప్పుకోబోయాను. అప్పటికే చూశాడు.

"నువ్వు రాళ్ళు సదివే అయ్యవు గద."

అవునన్నాను. కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు.

"ఒక్క ముచ్చట అడుగుత. గా రాయి అడుగున ఏమన్న రాసి ఉండెనా?"

నా నాలుక మీద రెండు జవాబులూ సిద్ధంగా ఉన్నాయి. నీ వాటా ఉండె అనవచ్చు, సంతోషిస్తాడు. ఏమీ లేదు అనవచ్చు, మరిచిపోతాడు. రెండూ ఇంతకుముందు చెప్పినవే.

"ఉండె తాతా," అన్నాను. ఆయనను అలా పిలవడం అదే మొదలు. "నాలుగు వరుసలుండె. నేను సదవలే. తవ్వనే లేదు. నీకు ఉత్తగనే చెప్పిన."

 ఆయన వంగని వేళ్ళతో తలగుడ్డ సర్దుకున్నాడు.

"సదవలేదా," అన్నాడు. "అయితే నా వాట లేదని గూడ నువ్వు సదవలే గద."

ఆ మాటన్నాక ఆయన ముఖం కాస్త తేటబడింది. ఎడమ చేత్తో బస్తా కొస పట్టుకుని దించడానికి సాయం పోయాడు.

వారం తిరక్కుండా మిల్లు మానేసి పట్నం పోయి ఉస్తాదును వెతుక్కున్నాను. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, బక్కచిక్కి.  మూల నుంచి గడ్డపార తీసి నా చేతికిచ్చాడు. మళ్ళీ అదే శాఖలో చేరి, తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు ఏ రాయినీ మొదలు దాకా తవ్వకుండా నకలు తీయలేదు. తోటి ఉద్యోగులు నన్ను బావులు తవ్వేవాడని వెక్కిరించారు. నాలుగు రోజుల పనికి తొమ్మిది రోజులు పెడతానని పైవాళ్ళు మెమోలిచ్చారు. ఈ పేరాలో గొప్పలేమీ లేవు, కావాలంటే మెమోలు చూపిస్తాను.

పదవీ విరమణ తర్వాత ఒకసారి పట్నం మ్యూజియానికి పోయాను. ఆ తెల్ల కాగితానికి తర్వాత ఎవరో సిరా అద్దినట్టున్నారు. అద్దం కింద పెట్టారు. అచ్చు ఎంత బాగా వచ్చిందంటే ఉస్తాదు బ్రష్షు దెబ్బలు కనబడుతున్నాయి. కింద పట్టీ మీద రాసి ఉంది: మూలశిల లభ్యం కాలేదు, క్షేత్ర రిజిస్టరు ప్రకారం శాసనం ఇక్కడితో సమాప్తం. నా మూడు మాటలు తెలుగులోకి మారి, అద్దంలోకి చేరి, అందరికీ పాఠమై కూర్చున్నాయి. నేను వేలితో అద్దాన్ని తట్టి కావలివాడికి చెప్పబోతే తాకొద్దు తాతా అన్నాడు. కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆధారం ఏమిటని అడిగితే నా దగ్గర మాత్రం ఏముంది? నేను చెబితే నమ్మే పేరు నాకు ఎప్పుడో పోయింది. చివరికి గుమ్మం దగ్గర సందర్శకుల అభిప్రాయాల పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఈ కాగితం కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి, నేను చూశాను, నకలు తీయలేదు అని. నా రాతకు పై వరుసలో ఎవరో ఫ్యాను తిరగడం లేదని రాశారు. మరుసటి ఏడు పోతే ఫ్యాను బాగు చేశారు. పట్టీ అలాగే ఉంది.

సెలవుల్లో మ్యూజియానికి పోతే ఆ గది వెతకండి. అన్నీ చూడవద్దు. ఆ ఒక్క కాగితం దగ్గరికి పోయి, వంగి, అక్షరాలు ఎక్కడ అయిపోయాయో అక్కడ చూడండి. నేను మోకాళ్ళు సహకరించక ఇప్పుడు వంగలేను. అక్కడ సమాప్తం కాలేదు. దాని కింద నీరటి వాటా ఉంది, లేదా లేదు.

నేను చదవలేదు.